ఎజ్రా ఉన్న ఊరికి

పెళ్లయిన ఐదో నెలలో ఎజ్రా జపాన్ వెళ్లాడు. విశాఖలో ఓడల వెల్డింగు నేర్చినవాడు కావడంతో అక్కడ సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పట్నంలో, ఓడలు కట్టే యార్డులో పని దొరికింది. షీబా అత్తగారి దగ్గర కొత్తవలసలోనే ఉండిపోయి, విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నర్సుగా రోజూ రైల్లో వెళ్లొచ్చేది.

సాయంత్రం ఆమె రైలెక్కే వేళకు అక్కడ పొద్దుపోయి ఎజ్రా గదికి చేరేవాడు. ఫోన్లో ముఖం చూసుకుంటూ ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఏం తిన్నావంటే గిన్నె ఎత్తి చూపించేవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయేమంటే దీపం వెలుగని బుకాయించేవాడు. కంటాకపల్లి దాటాక సిగ్నల్ పోయేది. ఆగిపోయిన బొమ్మలో అతని నోరు సగం తెరుచుకుని ఉండేది. ఆ తర్వాతి మాటేమిటో ఊహించుకుంటూ షీబా ఇల్లు చేరేది.

అతని వీసా చేతిపని తెలిసినవాళ్లకిచ్చే వీసాలో మొదటి మెట్టు. అయిదేళ్ల దాకా పని చేసుకోవచ్చుగానీ భార్యను వెంట తెచ్చుకునే వీలు లేదు. రెండో మెట్టు పరీక్ష గట్టెక్కితే తెచ్చుకోవచ్చు. ఎజ్రా ఒకసారి రాసి తప్పాడు. మళ్లీ రాస్తానన్నాడు. అలా రెండేళ్లు గడిచాయి. దుప్పటి మడతపెడుతున్నప్పుడు, చర్చిలో పక్కపక్కన కూర్చున్న జంటలను చూసినప్పుడు షీబాకు అతను గుర్తొచ్చేవాడు. అతని గొంతు ఫోన్లో తప్ప ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాక ఒకరోజు వార్డులోనే ఏడ్చింది.

అతని మాటల్లో జపాను ముక్కలు దొర్లుతుంటే, ఆ ముక్కలైనా తనకు అర్థం కావాలని విశాఖలో ఆదివారం జరిగే జపాను భాష తరగతుల్లో చేరింది. అక్కడ పాఠం చెప్పే అనిత ఒకరోజు ఆమెను ఆపి, భర్త వీసాతో పని లేకుండా నీ అంతట నువ్వే వెళ్లొచ్చు కదా అంది. వృద్ధుల సంరక్షణ పనికి అదే మొదటి మెట్టు వీసా ఇస్తారట. భాషా పరీక్ష, పని పరీక్ష పాసైతే చాలు. కాకపోతే అక్కడ నర్సుగా లెక్కలోకి రాదు. స్నానాలు చేయించాలి, అన్నం తినిపించాలి, పక్కలు మార్చాలి. సూది ముట్టుకోకూడదు.

షీబా రెండు పరీక్షలూ పాసయ్యాకే ఎజ్రాకు చెప్పింది. ఉత్తరాన మంచు కురిసే ఒక ఊళ్లో ఉద్యోగం ఉందని ఏజెన్సీవాళ్లు చెప్పినట్టూ చెప్పింది. అతనున్న చోటికి అది విమానంలో వెళ్లాల్సినంత దూరం.

ఎజ్రాకు అది నచ్చలేదు.

"నాలుగేళ్లు సదివి నర్సువయ్యావు. ఇక్కడికొచ్చి ముసిలోళ్ల గుడ్డలు మార్సుతావేటి? ఒక్క ఏడాది ఆగు. ఈసారి పాసైపోతాను, నా వీసా మీద వద్దువుగాని."

"ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటన్నావు బావా. నేనేటి చేస్తానో సూడకు, నేనెలాగున్నానో సూడు."

మాట పెరిగింది. నాలుగు రోజులు ఫోన్లు లేవు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుని షీబా బయటికి చూస్తూ వచ్చేది.

అత్త జ్ఞానసుందరి ఇంట్లోనే స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టేది. కోడలు ముభావంగా ఉండటం చూసి విషయం రాబట్టింది. కొడుకు పక్షం మాట్లాడుతుందని షీబా అనుకుంది. జ్ఞానసుందరి మిషను ఆపింది.

"మీ మావ కిరండోల్ ఇనప గనుల్లో ఉన్నన్నాళ్లూ అటునించొచ్చే లైను మీద బండి కూతేస్తే గుమ్మంలోకొచ్చి నిలబడేదాన్ని. రిటైరయ్యి వచ్చేసినాక, ఎదురుబొదురు కూకుని ఏటి మాటాడుకోవాలో ఇద్దరికీ తెలీలేదే. అలవాటు పడేలోగా ఆయన పోయాడు. నువ్వు నాలాగ కూకోకు. ఎల్లిపో."

ఆ సాయంత్రమే షీబా ఎజ్రాకు మెసేజి పెట్టింది, మంచు ఊరికైనా సరే వస్తున్నానని.

తర్వాతి ఆదివారం ఎజ్రా వీధిలోంచి ఫోన్ చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. వెనక ఒక పొడవాటి తెల్లటి భవనం. అది వృద్ధాశ్రమమని చెప్పాడు. పొద్దున్నుంచీ వచ్చీరాని భాషలో వంగి వంగి దండాలు పెడుతూ ఊళ్లోని ఆశ్రమాలన్నీ తిరిగాడట. నా భార్య నర్సు, పరీక్షలు పాసయింది, పని ఇవ్వండి అని అడిగాడట. అన్నిచోట్లా కాదన్నారు. ఇక్కడ మాత్రం ఒక పెద్దావిడ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. బయటి దేశం వాళ్లను తామెప్పుడూ తీసుకోలేదని, కాగితాల సంగతి కనుక్కుంటామని, మాట మాత్రం ఇవ్వలేమని చెప్పింది.

"నమ్మకం లేదు షీబా. మంచు ఊరైతే కాయం. నువ్వే సెప్పు."

ఏజెన్సీ అతను వెర్రిపని అన్నాడు. చేతిలో ఉన్నది వదులుకుంటే మళ్లీ తను పూచీ పడనన్నాడు. షీబా ఒక రాత్రంతా ఆలోచించింది. ఒకే దేశంలో ఉండి కూడా ఫోన్లోనే ముఖాలు చూసుకోవడం తన వల్ల కాదనుకుంది. మంచు ఊరు వద్దని చెప్పేసింది.

ఆ తర్వాతి నెలలు అంతకు ముందు రెండేళ్లకన్నా బరువుగా నడిచాయి. పెద్దావిడ వీడియోలో ఒకసారి ఇంటర్వ్యూ చేసి మళ్లీ పలకలేదు. ఎజ్రా రెండోసారి పరీక్ష రాసి, కొద్దిలో తప్పాడు. ఆ రోజు ఇద్దరూ ఫోను పెట్టెయ్యకుండా అలాగే ఉండిపోయారు. వానలు వెనకపట్టాక ఆశ్రమం నుంచి ఒప్పంద పత్రం వచ్చింది. వీసా మరి కొన్నాళ్లకు వచ్చింది. పక్కవీధిలో ఉన్న కూతురు దగ్గరికి జ్ఞానసుందరి మిషను మార్పించుకుంది.

ఎజ్రా ఉన్న పట్నంలోని చిన్న స్టేషన్లో షీబా రైలు దిగేసరికి ఎజ్రా ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు. ఫోన్లో కన్నా చిక్కిపోయి కనిపించాడు. దగ్గరికొచ్చి పెట్టె అందుకున్నాడు. ఆ ఊళ్లో నలుగురి మధ్య ఎవరూ ఎవరినీ కావలించుకోరు. ఇద్దరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతని ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చూసి షీబా వేలితో ఒకదాన్ని తాకింది.

"ఇవెప్పుడివి?"

"అప్పుడప్పుడూను."

రేపటి నుంచి తను వేరేవాళ్ల అమ్మలకు స్నానం చేయించాలి, అతను మళ్లీ పరీక్షకు చదవాలి. స్టేషను బయటి వంతెన మీదుగా గాలి ఉప్పగా వీస్తోంది. అతని మోచేతిని ఆనుకుని ఆమె నడిచింది.