ఉప్పు ఉందా?

మా ఇంట్లో నన్నెవరూ ఏ పనీ చెయ్యమనరు. ప్రశ్నలు వేస్తారు, అంతే.

“ఉప్పు ఉందా?” అంటాడు మా ఆయన సెమాండా, భోజనాల చాప మీద కూర్చుని. ఉందని చెప్తే సరిపోదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు తెచ్చి, ఆయన ముందు మోకాళ్ళూని అందించాలి. అదీ జవాబు. “వాన వస్తోందా?” అని మా అత్తగారు అంటే ఆరేసిన బట్టలన్నీ ఇంట్లోకి రావాలి. పెళ్ళయ్యాక నేనిచ్చిన ఇలాంటి జవాబుల్ని వరసగా పేరిస్తే, అవి మా మసాకా ఊరి నుంచి రాజధాని కంపాలా దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ ఉప్పు కోసం లేచేవి.

నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో అంతా తిరగేసి ఉంటుంది. అక్కడ ప్రశ్నలు వేసేది నేను. ఎవరూ కదలరు. మొదటి సంవత్సరం అర్థశాస్త్రం పిల్లలు నోట్సు చెప్తే రాసుకుంటారు, తుమ్మితే అదీ రాసుకుంటారు. ప్రశ్న వేశానా, హాలంతా కలిసి తమ చెప్పుల్ని పరిశీలిస్తుంది. ఇన్నాళ్ళూ ప్రశ్నా నేనే, జవాబూ నేనే, బాగా చెప్పావని తలూపేదీ నేనే. ఇంట్లో అలవాటే కదా. ఈ టర్మ్‌లో అది మానేశాను. ప్రశ్న వేసి, ఎవరో ఒకరు నోరు విప్పేదాకా ఆగుతున్నాను. మొదటి వారం ఆ నిశ్శబ్దంలో కిటికీ బయటి కొంగలు గూడు కట్టి, పిల్లల్ని పెంచి, వాటికి పెళ్ళిళ్ళు కూడా చేశాయి.

“ఊరికే నిలబడితే జీతమిస్తారా?” అన్నాడు సెమాండా. “అయితే మా ఆఫీసు గోడకి ఎప్పుడో ప్రమోషన్ రావాలి.”

నాది గంటల లెక్కన ఉద్యోగం. పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా తేల్చడానికి గురువారం ప్రొఫెసర్ సెబ్బోవా నా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పాత పద్ధతిలో నోట్సు చెప్పేస్తే ఉద్యోగం ఖాయం. తెలుసు. అయినా అడిగాను.

“పని అంటే ఏమిటి?”

ఆగాను. చెప్పుల పరిశీలన మొదలైంది. నా వీపు మీద చెమట దారి వెతుక్కుంటోంది. ఆ నిశ్శబ్దాన్ని ముందుగా తట్టుకోలేకపోయింది పిల్లలు కాదు, ప్రొఫెసర్.

“జీతం వచ్చేదే పని!” అన్నారు లేచి. “రాసుకోండి.”

పెన్నులన్నీ ఒక్కసారి ప్రాణం పోసుకున్నాయి.

“థాంక్యూ సార్,” అన్నాను. “మరి మిగతావాళ్ళు ఏమంటారు?”

మళ్ళీ ఆగాను. చివరికి నంతేజ అనే అమ్మాయి, టర్మంతా గొంతు వినిపించని పిల్ల, చెయ్యెత్తింది.

“సార్, పొద్దున మీకు టీ ఎవరిచ్చారు?”

“నా భార్య.”

“ఆవిడకి జీతమెంత సార్?”

“జీతమేమిటమ్మా? ఆవిడ నా భార్య.”

అది జవాబనే అనుకున్నారు ఆయన. హాలు అనుకోలేదు. వెనక వరసలో అబ్బాయిలు ఆయన్ని వెనకేసుకొచ్చారు. ముందు వరస ఆ అబ్బాయిల మీద విరుచుకుపడింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. క్యాంటీన్‌లో చపాతీలు చల్లారిపోయాయి. యూనివర్సిటీ చరిత్రలో అలాంటి విపత్తు జరగలేదు.

బయటికొచ్చాక ప్రొఫెసర్ కళ్ళజోడు చాలాసేపు తుడుచుకున్నారు. “క్లాసంటే చేపల బజారు కాదమ్మా,” అన్నారు. మళ్ళీ కాసేపు తుడిచి, “నా క్లాసులో వీళ్ళే నిద్రపోతారు. సోమవారం నుంచి ఫుల్‌టైమ్. పొద్దున ఏడింటికి రావాలి,” అన్నారు.

ఇంటికొచ్చి అరటికాయలు చెక్కుతూ ఆ మాట చెప్పాను. చేతులకి జిగురు. మిరెంబె, మా అమ్మాయి, చాప మీద లెక్కలు చేసుకుంటోంది.

“ఏడింటికా?” అన్నాడు సెమాండా. “మరి మిరెంబెని బడిలో ఎవరు దింపుతారు?”

“నాకు పొద్దున గంజి?” అన్నారు అత్తగారు. “ఏం మిరెంబె వాళ్ళమ్మా, నిన్నే!”

నేను దింపుతాను, గంజి కాచే వెళ్తాను, నాలుగింటికే లేస్తాను, అవసరమైతే అసలు పడుకోను. జవాబులన్నీ నాలుక చివర వరసకట్టి నిలబడ్డాయి. నేను ఇంకో అరటికాయ తీసుకున్నాను.

సెమాండా కాళ్ళ వైపు చూసుకున్నాడు. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి కాబట్టి పాపం వేళ్ళనే పరిశీలించాడు. మిరెంబె పెన్సిల్ ఆపింది. బయట ఏదో కొంగ మళ్ళీ గూడు మొదలుపెట్టి ఉంటుంది.

“నేనే దింపాలేమో,” అన్నాడు చివరికి, తన కాలివేళ్ళతో చెప్తున్నట్టు.

“థాంక్యూ,” అని అత్తగారి వైపు తిరిగాను. “మరి మిగతావాళ్ళు ఏమంటారు?”