సగం ఇస్త్రీ చొక్కా

కరెంటు పోయేదేదో చొక్కా మొదలెట్టకముందే పోవచ్చుగా. పోదు. ఎడమ చెయ్యి కత్తిలా తయారై, కుడి చెయ్యి నమిలి ఉమ్మినట్టు ఉండగా పోయింది. స్కూలు పేరెంట్స్ కమిటీ చైర్మన్ చెన్నకేశవరావు ఆ చొక్కాతోనే పదింటికి, విద్యాశాఖ ఆఫీసరమ్మ వచ్చే స్కూలు సభలో ‘చదువులో ఆడా మగా సమానం’ అని మాట్లాడాలి.

ఇస్త్రీ చేస్తున్నది కూతురు భవ్య. పదో తరగతి, లెక్కల్లో స్కూలు ఫస్టు. అదే రోజు నరసరావుపేటలో టాలెంట్ టెస్టు. నెగ్గితే ఎంపీసీలో ఫ్రీ సీటు. లేకపోతే చదువు పదితో చాలని తండ్రి ఎప్పుడో తేల్చేశాడు.

“టెస్టుకు పోతే ఆఫీసరమ్మకు పూలెవరు చల్లుతారే?”

“తమ్ముడు చల్లుతాడు. హర్షకీ రెండు చేతులున్నయ్‌గా.”

“మగపిల్లోడు పూలు చల్లితే జనం నవ్వరటే?”

“నీ స్పీచ్‌లో ఆడా మగా సమానమని ఉంది నాన్నా. రాసింది నేనేగా.”

“అది మైకులో చెప్పేదే. పోయి పళ్లెం పట్టుకో. టెస్టు వచ్చే ఏడు రాద్దువులే.”

“పదో తరగతికే పెడతారు.”

“అయితే రాయొద్దులే.”

భవ్య తలూపి స్కూలుకు పోయింది. చైర్మన్ గారు ఆడపిల్లల చదువుకు ఎంత అండంటే, సభలో పూలు, శాలువా, టీ, ప్రార్థన అన్నీ వాళ్లకే అప్పగించాడు. మగపిల్లలకు కూర్చునే పని ఇచ్చాడు.

పదింటికి గేటు దగ్గర చూస్తే పళ్లేలతో రెండు వరసల మగపిల్లలు. ముందు నిలబడ్డ హర్ష బంతిపూలను క్రికెట్ బంతుల్లా విసురుతున్నాడు.

“ఏంది టీచరమ్మా ఇది?” అని హెడ్మిస్ట్రెస్ రూతమ్మ చెవిలో గొణిగాడు.

“మీ ఆర్డరంటగా సార్! భవ్య చెప్పింది. టెస్టు రాసే ఆడపిల్లల్ని ఆటో ఎక్కించా.”

ఇంతలో ఆఫీసరమ్మ చప్పట్లు కొట్టింది. “ఎక్కడా చూళ్లేదండీ ఇట్లా. ఎవరి ఆలోచన?”

చెన్నకేశవరావు ఒక్క క్షణం ఆగాడు. అబద్ధానికి ఆయనకు అంతకు మించి ఎప్పుడూ పట్టలేదు.

“నాదేనండీ. మా అమ్మాయిని ఎంపీసీ చదివిస్తా. ఇంట్లో నా చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటా.”

ఆవిడ ఆయన చొక్కా కుడి చేతి వంక చూసి వెంటనే నమ్మింది.

భవ్య నెగ్గింది. ఎంపీసీ మాట ఆయన తర్వాత మైకులోనూ అన్నాడు కాబట్టి ఆపటానికి లేదు. అది పోనీ. సోమవారం ఆఫీసరమ్మ ఇంటికొచ్చి, ఆయన ఇస్త్రీ చేస్తుంటే వీడియో తీసి అన్ని స్కూళ్లలో చూపిస్తుందట. చైర్మన్ గారు ఇప్పటికి మూడు చొక్కాలు కాల్చాడు. భవ్యను పిలిస్తే “చదువుకోవాలి నాన్నా” అంటోంది.

చదివేవాళ్లలో తెలిసినవాళ్లుంటే ఆయన మొహం చూసైనా చెప్పండి. ముందు కాలరా, చేతులా? నీళ్లెప్పుడు చిలకరించాలి? ఆదివారంలోగా చెప్పండి, బాబ్బాబు!