ఆషాఢంలో చేపల గృహప్రవేశం

రూపకు పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం అది. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడని నెల. ప్రొద్దుటూరులోని అత్తవారింటి నుంచి జమ్మలమడుగులోని పుట్టింటికి పోవడానికి పెట్టె సర్దుకుంటుంటే, సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి బస్సులో, ఉప్పునీళ్ళ సంచిలో, ఆమె తన చేపల తొట్టెకు తెప్పించుకున్న అనిమోన్ వచ్చి దిగింది. ఏడాదంతా తొంగిచూడని చుట్టాలు మనం ఊరెళ్ళే రోజునే వస్తారు కదా, అట్లా ఉంది దాని రాక.

అనిమోన్ అంటే చూడటానికి పువ్వు, పుట్టుకకు జంతువు. దాని మెత్తని వేళ్ళు కుడితే చిన్న చేపలు చస్తాయి. ఒక్క క్లౌన్ ఫిష్‌కు మాత్రం అదే ఇల్లు. ముందు తోక రాసి, తర్వాత పొట్ట రాసి, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుని లోపలికి దూరుతుంది. ఆ మొదటి దూరటాన్ని కళ్ళారా చూడాలని రూప ఆశ. కానీ ఆమె తొట్టెలోని నారింజ రంగు క్లౌన్ ఫిష్ జంట పుట్టి పెరిగిందే తొట్టెల్లో. సముద్రం ఎరగదు, అనిమోన్ మొహమూ ఎరగదు. ఇలాంటివి అసలు దూరకపోనూవచ్చని అమ్మినవాడు ముందే చెప్పాడు.

"నువ్వేం దిగులు పడాకు, నేను చూసుకుంటా" అన్నాడు భర్త జగదీష్. అది నీటిమూటే అయింది. అతని బట్టల అంగడిలో ఆషాఢం తగ్గింపులు మొదలై, అన్నం తినడానికి కూడా తీరిక లేకపోయింది. తొట్టె పని కాస్తా అత్త ఆదిలక్ష్మి మెడకు చుట్టుకుంది.

ఆదిలక్ష్మి మనసు మంచిదే, మాటే కరుకు. "తినేవాళ్ళయితే సాకుతారు. తిననోళ్ళం, మనకెందుకమ్మీ చాపలు?" అని తొట్టె పెట్టిన రోజే అడిగేసింది. కాపురానికి వచ్చాక కోడలితో ఆమె ఆడిన మాటలు కూరలో ఉప్పు దాటి పోలేదు. అలాంటి అత్తకు ఇప్పుడు రూప ఫోనులో పాఠాలు చెప్పాలి. లైటు ఎప్పుడు వెయ్యాలి, నీళ్ళు ఎంత తగ్గితే మంచినీళ్ళు పొయ్యాలి, అనిమోన్‌కు రొయ్య ముక్క ఎట్లా అందించాలి.

"రొయ్యా! మనింట్లోనా!" ఆదిలక్ష్మి అరుపుకు ఫోను అదిరింది.

చివరికి రొయ్యలు పక్కింటి జానీబీ ఫ్రిజ్‌లో కాపురం పెట్టాయి. జానీబీ పట్టకారుతో ముక్క అందిస్తుంటే ఆదిలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడేది. రోజులు గడిచేకొద్దీ కొంగు జారింది, దూరమూ తగ్గింది. ఒకరోజు ఆమే ఫోన్ చేసింది.

"అమ్మీ, అది ముక్కను చేతుల్తో నోట్లో పెట్టుకుంటాండాది, సంటిబిడ్డ మాదిరి!"

"చాపలు యాడుండాయత్తా?"

"మూల పైపు కాడనే. పెద్దది ఆడదంట గదా, మొగోడు దాని ఎనకాలే తిరుగుతాండాడు. మన ఇండ్లల్లో కూడా ఇట్లుంటే ఎంత బాగుండు!"

రూప పకపకా నవ్వింది. అవతల అత్త కూడా నవ్వుతోందని తెలిసి ఆమెకు భలే సంతోషమేసింది.

మరో ఉదయం ఫోన్ తీయగానే కేక. "రూపా! పెద్దది తోక రాస్తాండాది మ్మే! కుట్టినట్టుండాది, ఎగిరిపడె. మళ్ళా పోయె!"

"అయ్యో అత్తా, ఈరోజే దూరుతాది! నేనీడ..." రూప ఫోను పట్టుకునే గుమ్మం దాకా పోయింది.

"చాప కోసం ఆషాఢంలో అత్తగారింటికి పోతావా? ఊరు నవ్వుతాది" అన్నాడు పేపరు చదువుతున్న తండ్రి బాలకృష్ణయ్య.

ఫోనులో ఆ మాట ఆదిలక్ష్మికి వినిపించింది. "నువ్వు బస్సెక్కమ్మీ" అంది. "ఇద్దరం దాటకూడదనే గదా శాస్త్రం. నేనే బయటికి పోతా."

అది విన్న బాలకృష్ణయ్య పేపరు మడిచి, కూతుర్ని బస్టాండులో దింపడానికి బండి తీశాడు.

ఆ బస్సు ఆగని చోటు లేదు. రూపకు దిగి వెనక నుంచి తొయ్యాలనిపించింది. "పొట్ట రాసె!" అని ఫోనులో అత్త. "కొంచెం ఆగమని చెప్పత్తా!" "చెప్తాండా, వింటే కదా!"

ఇంటి ముందు, కిటికీ కింద ప్లాస్టిక్ కుర్చీలో ఆదిలక్ష్మి. జానీబీ ఆమెకు గొడుగు పట్టింది. "నన్నేం చూస్తావు, లోపలికి పో!" అంది అత్త.

రూప పరుగున పోయి తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్ద చేప ఒళ్ళంతా వణికిస్తూ అనిమోన్ ముందు ఆడుతోంది. తోక. పొట్ట. ఒక్క మునక. వేళ్ళ మధ్య నారింజ మొహం ఒక్కటే మిగిలింది.

"దూరింది! అత్తా, దూరింది!" ఇల్లెగిరిపోయేలా అరిచింది రూప.

"ఏందీ, దూరిందా?" కిటికీ ఊచలకు ముఖం ఆనించింది ఆదిలక్ష్మి. "అద్దం మీద ఎండ తప్ప నాకేం కనపడల్యా." ఆమె ముఖం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ కాపు కాసింది ఆమె.

రూప తొట్టె వైపు చూసింది. చిన్నది ఇంకా బయటే తచ్చాడుతోంది. చూస్తుండగానే తోక రాసింది. ఇక ఎంతోసేపు పట్టదు. రూప లేచి ఒక్క ఉదుటున వీధిలోకి వచ్చేసింది.

"మొగోడు ఇంకా దూరలేదత్తా. నేను బయటుంటా. నువ్వు పో, బిరీన!"

ఆదిలక్ష్మి కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చీర ఎత్తి పట్టుకుని లోపలికి ఉరికింది. కాసేపటికి లోపలి నుంచి వచ్చిన కేకకు వీధి కుక్క మొరిగింది. "పాయె! పెండ్లాం పక్కకే పాయె! జానీబీ, చూడు మ్మే!"

కిటికీ దగ్గర రూప మునివేళ్ళ మీద నిలబడింది. అద్దం మీద ఎండ మెరుస్తోంది. అది గమనించి ఆదిలక్ష్మి కొంగు బార్లా పరిచి తొట్టె పైన ఎండకు అడ్డం పట్టింది. ఆ నీడలో రెండు చేపలూ కనిపించాయి, ఒకదాని పక్కన ఒకటి.

"కనపడతాండాయా?"

"కనపడతాండాయత్తా."

ఆదిలక్ష్మి చేయి నొప్పి పుడుతున్నా కొంగు దించలేదు. "శ్రావణం ఎప్పుడొస్తాదో ఏమో" అంది, చేపలను చూస్తూనే.