పేరా ముగిసేదాకా

ఏలూరు పవర్‌పేటలో మేడమీద హెన్రీ నెట్ సెంటర్ ఉండేది. పొద్దున్నే అతని భార్య ప్రసన్నకుమారి తాళం తీసి, మానిటర్ల మీద దుమ్ము తుడిచి, చివరి కంప్యూటర్ దగ్గర కూర్చుని కొల్లేటి ఊళ్ళ కబుర్ల వెబ్‌సైటు తెరిచేది. సైటు పెట్టింది హెన్రీయే గానీ, వచ్చిన రాతల్ని టైపు చేయడం, పొడుగు పేరాల్ని విరగ్గొట్టడం, మధ్యమధ్య చిన్న శీర్షికలు పెట్టడం, ముఖ్యమైన ముక్కని లావు అక్షరాల్లోకి మార్చడం అంతా ఆవిడ పనే.

అందులో పేరాలు విరగ్గొట్టడం మరీ ముఖ్యం. ఆ సైటు చదివేవాళ్ళకి పేరా ముగిసేదాకా ఊపిరి ఆడేది కాదు. అలాగని ప్రాణానికేం ముప్పు లేదు. చదువుతున్నంతసేపూ ఊపిరితో పనుండదు, ఒళ్ళు కదలదు, పేరా అవగానే గుండెల నిండా పీల్చుకుని తేరుకుంటారు. మీ చేపల పులుసు పేరా అయ్యేలోపు మా పొయ్యి మీద పులుసు మాడిపోయిందని కువైట్‌లో ఉన్న గుండుగొలను ఆవిడొకరు మెయిలు రాసింది. ప్రసన్న క్షమాపణ చెప్పి ఆ పేరాని నాలుగు చేసింది. రాసేవాళ్ళకీ టైపు చేసేవాళ్ళకీ మాత్రం ఈ బాధ లేదు. వండినవాళ్ళకి తినబుద్ధి కానట్టే ఇదీను.

హెన్రీది చిన్నప్పట్నుంచీ ఉబ్బసం ఒళ్ళు. పేరా చివర ఆ పెద్ద ఊపిరి అందకపోతే ఏం కావాలని ప్రసన్న అతన్ని ఒక్క పేరా కూడా చదవనిచ్చేది కాదు. తను పెట్టిన సైటు తనే చదవని మనిషి ఊళ్ళో అతనొక్కడే.

ఇక నరసింహమూర్తిగారని రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ఉండేవారు. ఆయన పేరా మొదలుపెడితే కొల్లేటికి ఈ గట్టున ఎక్కి ఆ గట్టున దిగాల్సిందే.

"అలా ముక్కలు కోసేశారేంటమ్మా, నేను రాసింది కొర్రమీనా?" అనేవారు.

"చదివేవాళ్ళకి పన్లుంటాయి కదండీ మాస్టారూ," అనేది ప్రసన్న, ఎంటర్ నొక్కుతూనే.

రెండువేల ఐదులో వానలకి తమ్మిలేరు పొంగింది. ఆ మధ్యాహ్నం వీధిలో నడుంలోతు నీళ్ళు, కరెంటు లేదు. వరద మీద వ్యాసం పట్టుకొచ్చిన మాస్టారు మేడమీదే చిక్కుపడ్డారు. కిందింట్లోంచి బియ్యం బస్తా పైకి మోసుకొచ్చిన హెన్రీ మెట్ల దగ్గరే కూలబడ్డాడు. గొంతులోంచి పిల్లికూతలు. మందు పీల్చే గొట్టం నొక్కి చూస్తే ఖాళీ.

ప్రసన్న ఆసుపత్రికి ఫోను చేసింది. ఆక్సిజన్ సిలిండరిచ్చి వార్డుబాయ్ ఏలీయాని ట్రాక్టరు మీద పంపుతున్నామన్నారు. వీధి చూస్తే ట్రాక్టరు ఎప్పటికొచ్చేనో తెలియదు. హెన్రీ పెదాలు నీలంగా మారుతున్నాయి.

"అమ్మాయ్, చదివేవాడికి ఊపిరితో పనిలేదు కదా," అన్నారు మాస్టారు ఉన్నట్టుండి. "అబ్బాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు."

ప్రసన్న హెన్రీ వైపు చూసింది. "పేరా అయిపోతేనండీ?"

"అవనివ్వకు. సిలిండర్ వచ్చేదాకా ఎంటర్ నొక్కొద్దమ్మా."

ఇద్దరూ హెన్రీని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టారు. యూపీఎస్ మీద బతికున్న కంప్యూటర్ అదొక్కటే. మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు, ప్రసన్న కొట్టడం మొదలుపెట్టింది. కొల్లేటి మీద తెల్లారుతుంటే ఆటపాక వైపు గూడబాతులు లేచి, వాటి నీడ దోనె మీదుగా పోతుంటే, దోనెలో మనిషి గెడ ఆపి తలెత్తి చూసి... హెన్రీ కళ్ళు అక్షరాల వెంట పడ్డాయి. పిల్లికూతలు ఆగిపోయాయి. ఛాతీ కదలడం లేదు, మొహంలో బాధా లేదు.

ఇప్పుడు ప్రసన్నకి భయం రెట్టింపైంది. అక్షరాలు ఆగి హెన్రీ కళ్ళు ఖాళీ చోటు చూశాయంటే పేరా ముగిసినట్టే. వేళ్ళు నొప్పెడుతున్నాయి. అలవాటు కొద్దీ చిటికెన వేలు ఎంటర్ వైపు పోతుంటే వెనక్కి లాక్కుంటోంది. మాస్టారు గూడబాతుల నుంచి చేపల్లోకి, చేపల నుంచి లాకుల్లోకి, లాకుల నుంచి దొరల కాలంలోకి పోయారు. యూపీఎస్ కూయడం మొదలైంది.

మైకు చేతికిస్తే తిరిగివ్వని ఆ పెద్దమనిషి సరిగ్గా అప్పుడే ఆగిపోయారు.

"ఇంకేం లేదమ్మా," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎప్పుడూ ఒకరి రాతలు కోయడమే గాని ప్రసన్న తనంతట తాను ఒక్క వాక్యం రాసి ఎరగదు. వేళ్ళు మాత్రం ఆపలేదు. ఇదంతా అలా ఉంచి ఏవండీ, మీ మీద కోప్పడ్డ ప్రతిసారీ నాకు కోపం కాదు భయమేననీ, మీరు నిద్రపోతుంటే మీ ఊపిరి వింటూ పడుకుంటాననీ, మీకెప్పుడూ చెప్పలేదు గాని తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో మీరు నన్ను చూడకముందే నేను మిమ్మల్ని చూశాననీ, మీరు ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఆయాసపడుతూ కూడా ఎవరితోనో నవ్వుతున్నారనీ, అప్పుడు నేను మా నాన్నతో...

మెట్ల మీద నీళ్ళోడుతున్న అడుగుల చప్పుడైంది. ఏలీయా భుజాన సిలిండర్‌తో వచ్చి, చకచకా గొట్టం బిగించి, హెన్రీ మొహానికి మాస్కు పెట్టాడు. యూపీఎస్ ఆగకుండా కూస్తోంది.

"ఇక ఎంటర్ కొట్టండమ్మా," అన్నాడు. అతనూ ఆ సైటు చదివేవాడే.

ప్రసన్న చెయ్యి లేవలేదు. ఆ ఊపిరి అందకపోతే? "దేవా," అనుకుని ఎంటర్ నొక్కింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత హెన్రీ ఛాతీ పైకి లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. ఆ వెంటనే కంప్యూటర్ ఆరిపోయింది. రాసిందేదీ సేవ్ కాలేదు.

నీళ్ళు తీశాక హెన్రీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని భార్యని పిలిచాడు.

"ఆ ఉల్లిపాయల బస్తా దగ్గర ఆపేశావు. అప్పుడు మీ నాన్నతో ఏమన్నావు?"

ప్రసన్న వచ్చి పక్కన కూర్చుంది.

"అది వేరే పేరా అండీ," అంది. "ముందు ఊపిరి పీల్చుకోండి, చెప్తాను."