నాలుగో బొమ్మ, ఎడమ అంచు

"దీనికీ లేదు," అన్నాడు స్కేలుబద్ద, గదిలో ఎవరూ లేకపోయినా.

తెర మీద ఆకుపచ్చగా మెరుస్తున్న కణాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూశాడు. కుడివైపు కింది మూలలో ఉండవలసిన తెల్లటి స్కేలు గీత లేదు. ఆ గీత లేకపోతే అది కణమో, పైనుంచి తీసిన చెరువో చూసేవాడికి తెలిసి చావదు. పొద్దున్నుంచి ఇది ఐదో పేపరు. మూడింటికి గీతే లేదు. ఒకాయన గీత పెట్టాడు గానీ అది ఎంత పొడవుకి గుర్తో రాయలేదు. ఇంకొకాయన మైక్రోస్కోపు పక్కనున్న కంప్యూటర్ని సెల్‌ఫోనుతో ఫొటో తీసి పంపించాడు. అందులో కణాలతో పాటు ఆయనగారి బొటనవేలు కూడా పడింది.

"ఇంత చదువూ చదివి..." అని పళ్ళు నూరుతూ, ఇరవయ్యారేళ్ళుగా రాస్తున్న వాక్యాన్నే మళ్ళీ రాశాడు. దయచేసి స్కేలు గీత చేర్చి పంపగలరు.

కణజీవశాస్త్ర పరిశోధనలు అచ్చువేసే ఆ పత్రికలో ఆయనది బొమ్మలు సరిచూసే ఉద్యోగం. శాస్త్రం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి వేరే పెద్దలున్నారు. ఒకే ఫొటోని రెండు చోట్ల వాడారా, నలుపు పెంచి మరకలు దాచారా, అంచులు కత్తిరించి అతికించారా అన్నది మాత్రం ఈయన చూడాలి. ఆయన సంతకం పడనిదే ఏ పేపరూ అచ్చుకి వెళ్ళదు. ఆయన స్వయంగా చదివింది పన్నెండో తరగతి. ఆ తర్వాత పదేళ్ళు ఒక ఫొటో స్టూడియో చీకటిగదిలో పెళ్ళిఫొటోలు కడిగాడు. ఎర్రదీపం వెలుగులో, నీళ్ళలో తేలే కాగితం మీద మొహాలు పైకి రావడం చూసీ చూసీ ఆ కళ్ళు రాటుదేలిపోయాయి. ఒకే పెళ్ళికూతుర్ని రెండు ఫొటోల్లో అతికిస్తే దూరం నుంచే పట్టేసేవాడు. అప్పటి సంపాదకుడు ఏదో పని మీద స్టూడియోకి వచ్చి, అది చూసి, ఆయన్ని వెంటబెట్టుకుపోయాడు.

పొడుగాటి మెడ, వంగిన వీపు, జేబు అంచున ఎప్పటిదో సిరామరక. ఆఫీసులో వెనకాల అందరూ స్కేలుబద్ద అంటారని ఆయనకి తెలుసు. మొదట్లో మండిపడ్డాడు. తర్వాత, వాళ్ళు అలా అన్నరోజున పని సరిగా చేసినట్టు అనిపించడం మొదలైంది.

నాలుగు నెలలుగా ఆయన తెర వైపు తిన్నగా చూడటం లేదు. గింజ వంక చూసే కోడిలా తల పక్కకి వాల్చి చూస్తున్నాడు. కుడి కన్ను చిన్నప్పటి నుంచీ సోమరిది. పనంతా ఎడమకంటిదే. ఆ ఎడమకంట్లో, చూపుకి కొంచెం ఎడంగా, నూనె వేలు తగిలిన అద్దంలా ఒక మసక వచ్చి కూర్చుంది. చూపు ఎటు తిప్పితే అటు వస్తుంది. మూడు కళ్ళజోళ్ళు మార్చాడు. డాక్టరు ఏదో పొడుగాటి పేరు చెప్పి, తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలి అన్నాడు. ఆ కాగితం సొరుగులో అడుగున పెట్టేశాడు. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడా చెప్పలేదు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అంతవరకూ తల వాల్చి నెట్టుకొచ్చేయవచ్చనుకున్నాడు.

ఆరో పేపరు తెరిచాడు. ఇది అందరూ ఎదురుచూస్తున్నది. నీరసించిపోయిన కణానికి పక్క కణం సన్నటి గొట్టం చాచి, శక్తినిచ్చే మైటోకాండ్రియాని తన దాంట్లోంచి పంపిస్తుంది. ఎన్ని పంపుతుందో, ఎన్ని రోజులకి పంపుతుందో మొదటిసారి లెక్కగట్టి చూపించిన పరిశోధన. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. స్కేలు గీతలు కూడా ఉన్నాయి! ఆయన కాసేపు తృప్తిగా చూశాడు.

రెండో బొమ్మ దగ్గర చెయ్యి ఆగింది. మొదటిరోజు కణం అని ఒక గడి. ఆరో రోజు కణం అని పక్క గడి. రెండో దాన్ని తలకిందులు చేసి చూశాడు. రంగు ముదురు చేశారు గానీ, రెండూ ఒకటే కణం. అదే సొట్ట, అదే తోక.

మూడు సరిగానే ఉంది. నాలుగు సరిగానే ఉంది. ఐదూ అంతే. వాటికి టిక్కులు పెట్టి, రెండో దాని పక్కన ఎర్రగీత గీశాడు.

ఎడిటరమ్మ గదికి వెళ్ళి చెప్తే ఆవిడ తల పట్టుకుంది. నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ రెండు ఫోన్ల మధ్య బతుకుతుంది.

"సార్, మూడింటికి కింద హాల్లో మీటింగు. నలభైమంది రిసెర్చి పిల్లలొస్తున్నారు. కొత్త పరిశోధనంటూ నేను చూపించబోయేది ఈ పేపరే. ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే కదమ్మా నా బల్ల మీదకొచ్చింది."

"పొరపాటున పెట్టుంటారు. తర్వాత మార్చుకుందాం. సంతకం పెట్టేయండి."

"పెట్టను."

ఆవిడ ఊపిరి గట్టిగా వదిలి ఆ పరిశోధనశాల ప్రొఫెసరుకి ఫోన్ కలిపి, ఈయన చేతికిచ్చింది. ప్రొఫెసరు ఒంటికాలి మీద లేచాడు. తన ముప్ఫయ్యేళ్ళ పేరు, తనకొచ్చిన బహుమతులు, తను కూర్చున్న కమిటీలు అన్నీ ఏకరువు పెట్టాడు. చివరికి, "అసలు నువ్వెవరయ్యా? నీ చదువేంటి?" అన్నాడు.

"పన్నెండండి," అన్నాడు స్కేలుబద్ద. "రెండో బొమ్మ సంగతేంటండి?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

మూడింటికి హాలు నిండింది. ఎడిటరమ్మ ఆ పేపరు పక్కనబెట్టి వేరే ఏవో చూపించింది. రిసెర్చి ఎలా రాసి పంపాలో, ఇతరుల పేపర్లు పరిశీలించే పని ఎలా దొరుకుతుందో, ప్రయోగశాల వదిలినా పత్రికల్లో ఎన్ని ఉద్యోగాలున్నాయో చెప్పింది. తర్వాత పది నిమిషాలు బొమ్మల గురించి చెప్పమని ఈయన్ని నిలబెట్టింది.

ఆయనకి ఉపన్యాసాలు చేతకావు. తిట్టడం వచ్చు. బొటనవేలు పడ్డ ఫొటో తెరమీద వేసి, "ఈ వేలుగారిని కూడా రచయితల జాబితాలో చేర్చమంటారా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆయన నవ్వించడానికి అనలేదు. ఇంకా చిరాకేసి, "ఒకటే ఫొటోని తిరగేసి పెట్టేవాళ్ళూ ఉన్నారు. మేం కళ్ళు మూసుకుని కూర్చున్నామనుకుంటారు" అన్నాడు. మళ్ళీ నవ్వులు. రెండో వరసలో ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు.

ఆయన మేడమీదకి వచ్చి కూర్చోగానే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. బక్కపల్చగా ఉంది. భుజాన ల్యాప్‌టాప్ సంచీ, మోచేతి దగ్గర ప్రయోగశాల గ్లవ్సు పౌడరు తెల్లగా అంటుకుని ఉంది.

"సార్, ఆ తిరగేసిన ఫొటో నాదే. ఆ పేపర్లో మొదటి పేరు నాది."

"మీ ప్రొఫెసరుగారు పొద్దున నన్ను తినేశాడు."

"నన్నింకా తినలేదు, సాయంత్రం తింటారు." సంచీ కింద పెట్టింది. "సార్, కావాలని చేయలేదు. ఆరువేల ఫొటోలున్నాయి. పేర్లు తప్పు పెట్టుకున్నాను. అసలుది నా దగ్గరుంది. ఇంకో వారంలో ఉద్యోగం ఇంటర్వ్యూ. పేపరు ఒప్పుకున్నారని కాగితం చూపించాలి."

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. స్కేలుబద్దకి కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆయనకి విసుగొస్తుంది.

"ఏడవకమ్మా, ఇక్కడ కాగితాలున్నాయి. కుర్చీ లాక్కో. ఆ ఆరువేలూ తియ్యి."

గంటన్నర కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒక్కో ఫొటో తెరవడం, ఈయన తల వాల్చి చూసి "కాదు" అనడం. మధ్యలో, పేర్లు పెట్టడం ఇలాగేనా, ఇది ఫొటోల పెట్టెనా చిత్తుబుట్టా అని నాలుగు చీవాట్లు. చివరికి ఆరో రోజు అసలు ఫొటో దొరికింది. గొట్టం కొంచెం సన్నగా, దాటుతున్న చుక్కలు కొంచెం తక్కువగా ఉన్నాయి. కానీ ఉన్నాయి.

"ఇది అంత బాగా లేదు," అంది అమ్మాయి నీరసంగా.

"నిజంగా ఉంది కదా. చాలు. ఇది పెట్టి పంపు, రేపే సంతకం పెడతాను."

ఆ అమ్మాయి మొహం వికసించింది. పేపరు ఫైలు మూసేయబోయి, ఆగింది. చాలాసేపు కదలకుండా తెరవైపే చూసింది. ఒకసారి ఆయన వైపు, ఒకసారి తెర వైపు.

"సార్... నాలుగో బొమ్మ."

"అది బాగానే ఉంది. పొద్దునే టిక్కు పెట్టాను."

"ఎడమ అంచు చూడండి. ఈ రెండు కణాలూ, కింద గడిలో ఉన్న ఈ రెండూ ఒకటే. ఇది కూడా తప్పు పెట్టాను. నాకిప్పుడే కనబడింది."

ఆయన ముందుకి వంగాడు. ఎడమ అంచు మీదకి చూపు తిప్పితే అక్కడికి మసక వచ్చింది. తల కుడికి వాల్చాడు, ఎడమకి వాల్చాడు. బొమ్మని పదింతలు చేశాడు. అప్పుడు, మసక పక్కనుంచి తొంగిచూసినట్టుగా, రెండు కణాలు కనబడ్డాయి. కింద గడిలోనూ అవే. చీకటిగదిలో కుర్రవాడిగా ఉన్నప్పుడైతే తలుపు దగ్గర నిలబడే చెప్పేవాడు.

"మీరు దీన్ని చూడలేదేమో సార్," అంది అమ్మాయి మెల్లగా.

"చూశాను," అన్నాడు. "కనబడలేదు."

ఆ అమ్మాయి నోరు మూసుకుని ఉంటే ఈ పేపరు వెళ్ళిపోయేది. తన టిక్కు ఉంది. సంతకం ఉండేది. ఎవరూ అడిగేవారు కాదు. ఆ అమ్మాయికి ఈ నాలుగో బొమ్మ ఇంకో రెండు వారాల పని. ఇంటర్వ్యూకి అందదు. ఆ సంగతి ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. అయినా చెప్పింది.

"బుర్ర లేదా నీకు?" అని కసురుకున్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. కాగితం లాక్కుని, పేపరు పరిశీలనలో ఉందని, ఒక తప్పు రచయితే స్వయంగా పట్టి చెప్పిందని నాలుగు వాక్యాలు రాశాడు. "ఇది ఇంటర్వ్యూలో చూపించు. ఎడిటరమ్మ సంతకం నేను చేయిస్తాను. దీన్ని పట్టించుకోని వాళ్ళ దగ్గర నువ్వు పనిచేయకపోయినా ఫర్వాలేదు."

అమ్మాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన రెండు కాగితాలు పట్టుకుని ఎడిటరమ్మ గదికి వెళ్ళాడు. ఒకటి ఆ ఉత్తరం. రెండోది సొరుగు అడుగున ఉన్న డాక్టరు కాగితం.

ఆవిడ ఉత్తరం మీద సంతకం పెట్టింది. రెండోది చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఎప్పట్నుంచి?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలుగా ఈ కళ్ళతో..." ఆవిడ కుర్చీలోంచి లేచింది. "ఎందుకు చెప్పలేదు సార్? ఎవరు తరిమేస్తారనుకున్నారు మిమ్మల్ని? నాకేం చేయాలో తోచడం లేదు."

"నాకు తోచింది," అన్నాడాయన. "ఈ నాలుగు నెలల్లో నేను సంతకం పెట్టినవి నూట పన్నెండు పేపర్లు. మళ్ళీ ఎవరైనా చూడాలి. లిస్టు ఇచ్చేస్తాను. పని రేపట్నుంచి మానేస్తాను."

"నూట పన్నెండు," అంది ఆవిడ, కళ్ళు మూసుకుని. ఆ తర్వాత ఆవిడ తిట్టిన తిట్లన్నీ ఆయన నిలబడి విన్నాడు. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తిట్లు అయిపోయాక ఆవిడే తన నీళ్ళసీసా ఆయన చేతికిచ్చింది.

అమ్మాయి ఉత్తరం తీసుకుని వెళ్ళిపోయింది. లిస్టు తయారయ్యేసరికి ఆరున్నర. మెట్లు దిగుతూ భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ బడిలో కుట్టు టీచరు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.

"నా కళ్ళు పోతున్నాయే," అన్నాడు. ఎంత మెత్తగా చెప్పాలనుకున్నా అలాగే వచ్చింది.

అవతల సూదులు తీసి పక్కన పెట్టిన చప్పుడు.

"ఇప్పుడా చెప్పడం? సూదిలో దారం ఎక్కించమంటే రెండు నెలలుగా తప్పించుకు తిరుగుతున్నారు. నాకు తెలీదనుకున్నారా? మీరే చెప్తారని చూశాను, ఇవాళ చెప్తారు, రేపు చెప్తారని. నా ప్రాణం విసిగిపోయింది."

"ఉద్యోగం మానేశాను."

అవతల కుట్టుమిషను మూత పడింది.

"మెట్లు చూసుకుని దిగండి," అంది ఆవిడ. "బస్టాపు దగ్గరే ఉండండి. నేను వస్తున్నాను. రోడ్డు దాటకండి, నేనొచ్చేదాకా."

ఆయన బస్టాపు వైపు మలుపు తిరిగేసరికి, పైన మూడో అంతస్తులో ఎడిటరమ్మ ఆయన గది దీపం ఆర్పడానికి వచ్చింది. కంప్యూటరు ఆపి ఉంది. బల్ల తుడిచి ఉంది. నూట పన్నెండు పేర్ల లిస్టు మధ్యలో, నాలుగు అంచులూ సమానంగా పెట్టి ఉంది. బూట్లు తొడుక్కుని వెళ్ళిన మనిషి, ఆఫీసులో వేసుకునే తన రబ్బరు చెప్పులు బల్ల కింద మర్చిపోయాడు. మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి, ఒకదాని పక్కన ఒకటి, తెరవైపు తిరిగి ఉన్నాయి.