గొంతు దించిన చోట

కుక్కర్ మూత తీయబోతున్న ఆశాను పీరయ్య ఆపాడు. "ఆగమ్మా. నా ఫోన్ ఇప్పుడే వెయ్యను. ముందు చెంచయ్యన్న ఈ పాట వినాల."

రియాద్‌లో మలాజ్ పేటలోని ఆ గదిలో శుక్రవారం రహస్యంగా జరిగే క్రైస్తవ ప్రార్థనకు వచ్చేవాళ్లు ముందుగా ఫోన్లు ప్రెషర్ కుక్కర్లో వేయాలి. రికార్డింగ్ బయటికి పొక్కితే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దాకా పోతుంది. ఉద్యోగమూ, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డూ రెండూ గల్లంతే. ఫోన్లు పోగుచేసే పని ఆశాది.

ఏసీ మెకానిక్ చెంచయ్య ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. పల్లవికే గుర్తుపట్టాడు. అది తన పాటే!

బాణీ మూడు వందల ఏళ్ల నాటి ఒక జర్మనీ చర్చి స్వరకర్తది. వారం వారం ఆరాధనకు కొత్త పాట కట్టి, ఆర్గాన్ వాయించి, ఉన్న ఊరు దాటకుండానే పోయిన మనిషి. ఆయన పోయాక కాగితాలు కొన్ని పచారీ కొట్టుకు చేరాయి, కొన్నిటి మీద శిష్యులు తమ పేర్లు రాసుకున్నారు. ఒంగోలు మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఆ బాణీకి తెలుగు మాటలు కూర్చి, నాలుగు రకాల గొంతులకూ విడివిడిగా నేర్పేసరికి చెంచయ్య జుట్టు నెరిసింది.

"ఎవురు పాడిందిరా ఇది?"

"మన సాయికుమారే. ఒంగోల్లో స్టూడియో పెట్టాడుగా! లక్షల మంది చూశారు. సంగీతం కూడా ఆయనగారిదేనంట."

సాయికుమార్ ఒకప్పుడు ఇక్కడ కీబోర్డు వాయించేవాడు. పోయినేడు ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయాడు.

"దొంగసచ్చినోడు, పోతా పోతా ఎత్తుకపోయాడు" అన్నాడు పీరయ్య.

చెంచయ్య ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. పాట పైస్వరానికి ఎక్కుతోంది. స్వరకర్త గొంతు బార్లా తెరిచి పాడమన్న చోట, స్టూడియోలో పాడేవాళ్లంతా ఒక్కసారిగా గుసగుసలోకి దిగిపోయారు.

చెంచయ్యకు అర్థమైంది. పైవాటాలోకి కొత్తవాళ్లు దిగాక, వాళ్లకు వినపడకూడదని అక్కడ గొంతు దించమన్నది తనే. అదీ మొన్న రంజాన్ తర్వాత. సాయికుమార్ అప్పటికే ఇక్కడ లేడు. భయంతో దించిన గొంతును వాడు సంగీతమనుకుని కాపీ కొట్టాడు.

"వాడు ఎత్తుకపోలేదు పీరయ్యా. ఈ గదిలోంచే ఎవురో పంపించారు."

అందరి ఫోన్లూ కుక్కర్లో వేసే మనిషి తన ఫోన్ వేసిందో లేదో ఏనాడూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూపులన్నీ అటే తిరిగాయి.

"నువ్వేనా ఆశా?" అన్నాడు చెంచయ్య.

"పాట బతకాలని పంపించానన్నా." ఆమె తల ఎత్తలేదు. "ఇక్కడే ఉంటే మీతోపాటే పోద్దిగా. మీ పేరు వెయ్యొద్దన్నది కూడా నేనే. వేస్తే మీ మీదకొచ్చుద్దని..."

చెంచయ్య మెత్తబడ్డాడు. అరబ్బుల ఇంట్లో పనిచేసే ఈ పిల్లకు ఒక్కో స్వరమూ పాడి వినిపించి నేర్పింది ఆయనే. తన మంచి కోసమే చేసిందేమో!

పీరయ్య ఫోన్ లాక్కుని తెర కిందికి జరిపాడు. "ఇదీ అన్న కోసమేనా? వినండి. రచన: సిస్టర్ ఆశా, రియాద్! ఊరు పేరు కూడా వేయించుకున్నావా తల్లీ?"

ఆ రోజు చెంచయ్య పాట ఊసెత్తలేదు. ఒక్కొక్కరినీ తలుపు దగ్గరికి పిలిచి, వచ్చేవారం కొత్తగా ఎక్కడ కలవాలో చెవిలో చెప్పి పంపాడు. అందరూ దిగిపోయాక ఆశా వచ్చి, చున్నీ పక్కకు తీసి చెవి ఒగ్గింది.

"జాగర్తగా ఎల్లమ్మా" అని ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు.