ఒక్క బుడగ లేకుండా

"ముందు చేతులు కడుక్కోండి. మోచేతుల దాకా" అన్నాను.

పంతొమ్మిదేళ్ల కాపురంలో మా ఆయనకి నేను చేతులు కడుక్కోమని చెప్పడం అదే మొదటిసారి. అన్నం ముందు కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెబితే అత్తయ్య ఊరుకోదు, "వాడేమన్నా నీ వార్డులో పేషెంటా?" అంటుంది. ఆయన నవ్వుకుంటూ వెళ్లి, సబ్బు రుద్దుకుని, ఆపరేషన్ చేసే డాక్టరులా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని వచ్చాడు. నేను మంచం అంచున అటు తిరిగి కూర్చుని నైటీని భుజం మీంచి కిందికి జార్చాను.

నా వీపు మీద, ఎడమ భుజానికి కాస్త కింద, బెత్తెడు పొడవు మచ్చ ఉంది. రెండేళ్ల కిందట అక్కడో కొవ్వు గడ్డ తీశారు. ప్రమాదమేమీ లేదన్నారు, కోసి కుట్టి పంపించారు. ఆసుపత్రిలో డ్యూటీ పదకొండో రోజున ఎక్కాను. ఇంట్లో డ్యూటీ రెండో రోజునే ఎక్కాను. గడ్డ పోయింది కానీ మచ్చ మిగిలింది. ఆ తర్వాత మా ఆయన చెయ్యి నా వీపు మీదికి వచ్చినప్పుడల్లా, గుంత కనబడగానే బండి పక్కకి తిప్పినట్టు, ఆ చోటు తప్పించుకుని పోయేది. నోటితో ఒక్క మాట అనలేదు. ఆ మాట అత్తయ్య అంది: "మెడ దాకా మూసుండే బట్టలు కుట్టించుకో, చూసేవాళ్లకి బాగోదు." నిజానికి ఆ మచ్చ నాకు కనబడదు. అద్దం ముందు మెడ విరిగేలా తిరిగినా సగమే కనిపిస్తుంది. నాకు కనబడని నా వీపు గురించి రెండేళ్లు నేనే సిగ్గుపడుతూ తిరిగాను.

అందుకని ఒక ఆదివారం వెళ్లి ఆ మచ్చ పొడవునా చీమల బారు పచ్చబొట్టు వేయించుకున్నాను. బొమ్మ నేనే గీసుకున్నాను, డ్యూటీలో కేసు షీటు వెనకాల. తొమ్మిది చీమలు. ఒక్కదాని నోట్లోనూ గింజ లేదు. మోసుకెళ్లే చీమలు వద్దు, ఊరికే నడిచే చీమలు కావాలని అడిగి మరీ వేయించుకున్నాను. మా ఆయన కాదనలేదు. "చీమలేంటే బాబూ, నేనేమన్నా పంచదారా?" అని ఏడిపించాడు, బండి మీద తనే తీసుకెళ్లాడు. రెండు గంటలసేపు నా హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నీ వీపు, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పచ్చబొట్టు వేసిన అమ్మాయి దాని మీద పల్చటి ఫిల్మ్ అంటించింది. ఆసుపత్రిలో సూది పెట్టిన చోట కదలకుండా మేము అంటిస్తామే, అద్దంలా కనబడే పొర, అదే. "దీన్ని రేపు తీసేసి, కడిగి, బాగా ఆరాక కొత్తది వేయండి. రెండోది అయిదు రోజులు కదపొద్దు. మచ్చ మీద వేశాం కదా, మానడానికి టైము పడుతుంది" అంది. నాకు తెలియనిది కాదు. కానీ రోజుకి ముప్పై కట్లు కట్టే నా చేతులు నా వీపుకి అందవు.

అందుకే ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు. మొదటి ఫిల్మ్ కింద నల్లటి నీరు చేరి ఉంది. చూసి జడుసుకున్నాడు. "రంగూ, ఊరిన నీరూ కలిసి అలాగే ఉంటుంది. దాని కిందే మానుతుంది" అని చెప్పాను. గోరువెచ్చటి నీళ్లతో కడిగాడు, మెత్తటి బట్టతో అద్దాడు, ఆరేదాకా ఆగాడు. మా ఆయనకి ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. స్క్రీన్ గార్డులు అంటించడంలో మా వీధి మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. ఒక అంచు పట్టించి, వేలితో మధ్యలోంచి బయటికి గాలి నెట్టుకుంటూ, నాలుక కొంచెం బయటపెట్టి అంటించాడు. "చూడు, ఒక్క బుడగ లేదు" అని అద్దం తెచ్చి వెనక పట్టుకున్నాడు. నాకు చీమలు కనబడలేదు, కళ్లు నిండిపోయాయి. రెండేళ్ల తర్వాత ఆయన వేళ్లు ఆ మచ్చ మీద నడిచాయి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకు ఇంట్లోవాళ్లు ఒకరు కట్టు కట్టడం అదే మొదలు.

"అమ్మకి ఇప్పుడే చెప్పకు. టైము చూసి నేను చెబుతా" అన్నాడు. నేను చెబుతా అన్నాడు. ఈ మాట నేను కలగన్నది కాదు.

అది జరిగిన మర్నాటి పొద్దున పొయ్యి మీద పాలు ఒక కంట, పిల్ల లంచ్ బాక్సు ఇంకో కంట చూసుకుంటూ, కింద పడ్డ మూత తీద్దామని వంగాను. నైటీ మెడ జారింది. వెనక అత్తయ్య ఉందని చూసుకోలేదు.

"అమ్మో! ఏంటే అది, జలగ పట్టినట్టు!"

రెక్క పట్టుకుని ముందుగదిలో వెలుతురులోకి లాక్కెళ్లింది. అక్కడ మా ఆయనా, పదిహేనేళ్ల మా అమ్మాయీ టిఫిన్ తింటున్నారు.

"పచ్చబొట్టు అత్తయ్యా. టాటూ" అన్నాను.

"ఈ వయసులోనా? ఒరేయ్, నీకు తెలుసా ఇది?"

ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల కాస్త సరదాగా కూడా ఉంది. ఇద్దరం కలిసి తిట్లు తినబోతున్నాం కదా. ఇన్నేళ్లలో తిట్లన్నీ నా వంతుకే వచ్చాయి, ఒక్కసారీ కలిసి తినలేదు.

"నాకేం తెలుసమ్మా? అది ఏదైనా నాకు చెప్పి చేస్తుందా?" అన్నాడు మా ఆయన.

అత్తయ్య ఫిల్మ్ మీద వేలు పెట్టి నొక్కింది. "మరి ఈ కవరో? చెయ్యి అందని చోట ఇంత చక్కగా తనంతట తనే అంటించుకుందా?"

"హాస్పిటల్లో ఎవరో అంటించుంటారు."

"ఎవరో అంటే? ఆడా, మగా?"

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. "నన్నడిగితే నేనేం చెప్పను? దాన్నే అడుగు."

నోరు తెరిచాను. "మీ అబ్బాయే అంటించాడు" అనడానికి ఎంతసేపు పడుతుంది? మూడంటే మూడు మాటలు. అయినా అనలేదు. ఆ మూడు మాటలూ ఆయన నోటి నుంచే రావాలని మొండిగా చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పి, ఆయన మళ్లీ కాదంటే? అప్పుడు నా బతుకేంటి? ఆయన టీ తాగేశాడు. బండి తాళాల కోసం జేబులు తడుముకుంటూ వెళ్లిపోయాడు. పిల్ల నా మొహం చూడకుండా బ్యాగు భుజాన వేసుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, దానికీ నన్నే అన్నారు.

ఆ రోజు ఆసుపత్రిలో ఒక పెద్దాయన చేతి మీది ఫిల్మ్‌ని పైకి లాగేశాను. ఆయన "అమ్మా!" అని అరిచాడు. ఫిల్మ్‌ని పైకి పీకకూడదు, చర్మం వెంబడే పక్కకి సాగదీస్తూ పోవాలి, అప్పుడు నొప్పి లేకుండా వదులుతుంది. కొత్తగా చేరే నర్సులకి నేను మొదటి రోజు నేర్పే పాఠమే అది. "సిస్టర్, ఇవాళ మీకు ఒంట్లో బాగోలేదా?" అని డాక్టరుగారు అడిగారు. బాగానే ఉంది సార్ అన్నాను. ఇంకేమంటాను?

సాయంత్రం గదిలోకి రాగానే మా ఆయన నా గడ్డం పట్టుకున్నాడు. "కోపమా? నాకూ తెలుసని చెబితే అమ్మ నన్ను కూడా కలిపి దులిపేసేది. నీకైతే అలవాటే కదా. రెండు రోజులు పోతే తనే మర్చిపోతుంది."

నీకైతే అలవాటే కదా! ఏ కోపమూ లేకుండా, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అన్నాడు. అంటే ఇన్నాళ్లూ నేను తింటున్న తిట్లు ఆయన కంటికి ఆనకపోవడం కాదు. చూస్తూనే ఉన్నాడు. నా చర్మం మందమని నమ్మకం పెట్టుకున్నాడు.

అత్తయ్య మర్చిపోలేదు. సాయంత్రాలు తలుపు బార్లా తీసి పెట్టుకుని మా ఆడపడుచుకి ఫోన్ చేసేది. "ఏమోనమ్మా, ఎవడంటించాడో దానికే తెలియాలి" అన్న ముక్క దగ్గర మాత్రం గొంతు తగ్గించేది కాదు. అదీ భరించాను. భరించలేనిది అయిదో రోజున జరిగింది. పిల్ల హోంవర్కు చేసుకుంటూ, చుట్టూ చూసి, నా పక్కకి జరిగింది.

"అమ్మా, నాకైనా నిజం చెప్పు. అది నీకు ఎవరంటించారు? నాన్నకి చెప్పనులే."

నాన్నకి చెప్పదట. నా రహస్యం దాచిపెడుతుందట. నా కడుపులో పుట్టిన పిల్ల నా మీద ఎంత జాలిపడిందో ఆ గొంతులో వినిపించింది.

"మీ నాన్నే అంటించారు."

అది నా వంక చూసి, "సరేలే అమ్మా" అంది. జ్వరంలో పలవరించే పేషెంట్లకి నేను అనే "సరేలే" అది.

ఆరో రోజు రెండో ఫిల్మ్ తీయాలి. సాయంత్రం అయిదింటికే మా ఆయన షాపులోంచి వచ్చాడు. చెప్పకుండానే చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా. గోరువెచ్చటి నీళ్ల గిన్నె తెచ్చి గది తలుపు దగ్గరికి వేశాడు. "తిరుగు" అన్నాడు. తిరిగాను. తడిబట్టతో అంచులు నానబెట్టి, నేను నేర్పినట్టే, పక్కకి సాగదీస్తూ మెల్లగా తీయడం మొదలుపెట్టాడు. కొంచెం కూడా నొప్పి లేదు. ఏం లాభం? ఈ చేతులు ఇంత మెత్తగా ఉండగా నోరు అలా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. సగం వచ్చింది.

"అత్తయ్యా! ఒక్కసారి ఇలా రండి. పిల్లని కూడా తీసుకురండి" అని పిలిచాను.

నా వీపు మీది చెయ్యి ఠక్కున లేచిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు, వేళ్లు చొక్కాకి తుడుచుకుంటున్నాడు. అత్తయ్య తలుపు తోసుకుని వచ్చింది, వెనకే పిల్ల. అత్తయ్య నా వీపు మీద సగం వేలాడుతున్న ఫిల్మ్‌ని చూసింది, గిన్నె చూసింది, కొడుకుని చూసింది.

"సగంలో వదిలేశావేంరా? మిగతాది కూడా తియ్యి" అంది.

మాట నాకే ముందు వచ్చింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలియకపోవడమేంటి? నా ఫోనుకి వాడంటించింది చూడ్డంలా? ఒక్క బుడగ లేకుండా వాడికి తప్ప ఇంకెవరికి చేతనవుతుంది? మొదటి రోజే తెలుసు."

"మరి ఆడా మగా అని అడిగారే. ఫోన్లో మీ అమ్మాయితో అన్నారే."

"కాస్త భయం ఉండాలమ్మా. లేకపోతే రేపు మొహం మీద వేయించుకుంటావు."

మా ఆయన హమ్మయ్య అన్నట్టు నవ్వేశాడు. "చూశావా! అమ్మకి తెలుసట. ఊరికే మనసు పాడుచేసుకున్నావు" అంటూ మళ్లీ నా వైపు వచ్చాడు, మిగిలిన సగం తీయడానికి. తల్లికి తెలుసు, కొడుక్కి తెలుసు. ఇద్దరూ తెలిసే ఇన్ని రోజులూ నన్ను ఆ మాట కింద నానబెట్టారు. ఇప్పుడు ఒకరినొకరు చూసుకుని తేలికపడుతున్నారు.

"ముట్టుకోవద్దు" అన్నాను. గొంతు పెద్దగా లేవలేదు. ఆయన చెయ్యి మాత్రం అక్కడే ఆగింది.

బాత్రూములోకి వెళ్లి గోరువెచ్చటి నీళ్ల కింద నిలబడ్డాను. కుడిచెయ్యి వెనక్కి పెట్టి వేలాడే కొస అందుకుని, నీళ్లతో పాటు కొంచెం కొంచెంగా పక్కకి సాగదీశాను. భుజం కలుక్కుమంది. చాలాసేపు పట్టింది కానీ మొత్తం వచ్చేసింది. నైటీ తొడుక్కుని తలుపు తీసేసరికి పిల్ల తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"నాన్న ఎందుకమ్మా అలా చెప్పారు?"

నా దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నాన్నకి షాపులో చికాకులు. నాన్నకి నానమ్మంటే భయం. నాన్న మనసు మంచిదే, మాటే అలా ఉంటుంది. స్కూలు వార్షికోత్సవానికి రానప్పుడు ఒకటి చెప్పాను, పుట్టినరోజు మర్చిపోయినప్పుడు ఒకటి, నా ఆపరేషన్ రోజున మధ్యలో లేచి షాపుకి వెళ్లిపోయినప్పుడు ఇంకొకటి. పదిహేనేళ్లుగా ఈ పిల్ల ముందు ఆయన తరఫున నేనే మాట్లాడుతున్నాను. ఎవరూ వేయని డ్యూటీ, ఒక్క రోజు సెలవు పెట్టలేదు. అది నిన్న నన్ను కాదని నాన్నని నమ్మిందంటే తప్పు దానిది కాదు. అలా నమ్మేట్టు పెంచింది నేను.

"నన్నడక్కు" అన్నాను. "మీ నాన్ననే అడుగు. ఆయన మాటలు ఇక ఆయనే చెప్పుకోవాలి."

పిల్ల తువ్వాలు నా చేతిలో పెట్టి, ఒక్క క్షణం నిలబడి, ముందుగదిలోకి వెళ్లింది. "నాన్నా" అని పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా. అలవాటు కొద్దీ నా నోటి చివరిదాకా ఆయన తరఫున ఏదో మాట వచ్చేసింది. వెనక్కి తిరిగి బాత్రూములోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి వదిలాను.